తిహాని ద్వీపకల్పం: రాయి దగ్గర మొదలై రేవు దగ్గర ముగిసే రెండు రోజుల దారి

బుడాపెస్ట్‌లో చదువుకునే మన పిల్లలు వేసవిలో ఒకరోజు హంగరీలోని బలతోన్ సరస్సు మీదున్న తిహానికి వెళ్లొచ్చి ఫొటోలు పెడుతుంటారు. ఊదారంగు పూల మధ్య నిలబడి ఒకటి, జంట గోపురాల చర్చి ముందు ఒకటి, చేతిలో లావెండర్ ఐస్‌క్రీమ్‌తో ఒకటి. నేను కూడా మొదటిసారి అలాగే వెళ్లి, రెండు గంటల్లో చూసేసి, బస్సెక్కి వచ్చేశాను. ఆ రోజు నా చెప్పుల కింద ఉన్న నేల అగ్నిపర్వతమని నాకు తెలియనే తెలియదు.

తర్వాత వెళ్లినప్పుడు క్రమం తిరగేశాను. అందరూ మొదట చూసే చర్చిని రెండో రోజుకి తోసేసి, రాయి దగ్గర మొదలుపెట్టాను. అప్పటికి గాని ఆ ఊరు అర్థం కాలేదు. అక్కడి కొండ అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రాయైనదే. సన్యాసులు గదులు తొలుచుకున్నది ఆ రాతిలోనే, జాలర్లు గోడలు కట్టుకున్నదీ ఆ రాయితోనే. ప్రకృతి ఒక జాబితా, చరిత్ర ఇంకో జాబితా అన్నట్టు విడదీసి చూస్తే ఈ సంగతి దొరకదు. ఈ దారిని నేల పుట్టిన వరుసలోనే రాస్తున్నాను.

బయల్దేరే ముందు: ఎప్పుడు, ఎలా

హంగరీలో అతిపెద్ద సరస్సు బలతోన్. పొడవు 77 కిలోమీటర్లు, వైశాల్యం సుమారు 590 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద సరస్సుకి సగటు లోతు మాత్రం మూడు మీటర్ల చిల్లరే. కొల్లేరు చూసిన వాళ్లకి ఇలాంటి పళ్లెం లాంటి సరస్సు కొత్తేమీ కాదు. ఉత్తరపు ఒడ్డు నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చి, సరస్సుని రెండు ముక్కలు చేయబోయి ఆగిపోయినట్టుంటుంది తిహాని. స్థానికులు చివరి అక్షరాన్ని సగం మింగేసి "తిహొన్య్" అంటారు.

తిహానికి రైలు లేదు. బుడాపెస్ట్ దెలీ స్టేషన్ నుంచి బలతోన్‌ఫ్యూరెద్ దాకా రైల్లో సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి బస్సు. సీజన్‌లో ఫ్యూరెద్ రేవు నుంచి పడవలూ నడుస్తాయి. కుదిరితే పడవలోనే వెళ్లండి. కొండ మీది జంట గోపురాలు నీళ్లలోంచి మెల్లగా పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి. తిరుగు బస్సు టైము ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. చివరి బస్సు పోయి, ఫ్యూరెద్ దాకా చీకట్లో నడిచిన అనుభవంతో చెప్తున్నాను.

ఫ్యూరెద్‌లో గంట ఖాళీ దొరికితే ఒడ్డున చెట్ల నీడలో ఉండే నడకదారికి వెళ్లండి. దాని పేరు ఠాగూర్ దారి. 1926లో యూరప్ పర్యటనలో ఒంట్లో బాగాలేక రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి గుండె ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక, ఆ నవంబరులో ఇక్కడ ఒక లిండెన్ మొక్క నాటారు.

ఏ నెలలో వెళ్లాలన్నది మీకేం కావాలో దాన్నిబట్టి ఉంటుంది. మార్చి చివర్లో బాదం చెట్లు పూస్తాయి. జూన్ రెండో సగం నుంచి జూలై మొదటి వారాల దాకా లావెండర్, దాంతోపాటే జనం. శరదృతువులో కొండవాలు పొదలు ఎర్రబడతాయి, ఊరు ఖాళీ అవుతుంది. నన్నడిగితే మే నెల. ఎండ ముదరదు, గూబలు వచ్చేసి ఉంటాయి, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఒక రాత్రి మాత్రం తప్పకుండా ఊళ్లో ఉండండి. ఎందుకో తర్వాత చెప్తాను.

సంచిలో నీళ్లు, గట్టి బూట్లు, పొడవాటి ప్యాంటు ఉండాలి. గడ్డిలో పిడుదులుంటాయి, అవి కుడితే లైమ్ జబ్బు రావచ్చు. సాయంత్రం గదికి చేరాక మోకాళ్ల వెనక, చంకల్లో ఒకసారి చూసుకోండి.

మొదటి అంచె: లోపలి సరస్సు దగ్గర ఆగండి

ఊళ్లో బస్సు దిగగానే అందరూ చర్చి వైపు వెళ్తారు. మీరు దానికి వీపు చూపించి కిందికి దిగండి. కాసేపట్లో రెల్లు అంచున్న గుండ్రటి నీటి మడుగు కనిపిస్తుంది. ఇదే బెల్షో-తో, అంటే లోపలి సరస్సు. బలతోన్ పక్కనే ఉన్నా దానితో సంబంధం లేదు. దీని నీటిమట్టం బలతోన్ కన్నా సుమారు 25 మీటర్లు ఎత్తున ఉంటుంది. కొండ మీద, చుట్టూ గట్టున్న గిన్నెలో వాననీరు నిలిచినట్టు.

ఆ గిన్నె ఎలా వచ్చిందన్నది ఇక్కడి అసలు కథ. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట ఇక్కడ భూమిలోంచి శిలాద్రవం పైకొచ్చింది. అది మామూలుగా పొంగి పారకుండా, దారిలో నీరు నానిన మట్టి పొరలను తాకింది. కాగిన పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడ అది భూగర్భంలో, కొండంత కొలతలో జరిగింది. నీరు ఒక్కసారిగా ఆవిరై పేలి, నేలని గుంటగా ఎగరగొట్టింది. లేచిన బూడిద, రాళ్ల ముక్కలు చుట్టూ పొరలు పొరలుగా పడి గట్టిపడ్డాయి. ఇలాంటి గుంటలని భూగర్భ శాస్త్రజ్ఞులు మార్ అంటారు, గట్టిపడిన బూడిదని బసాల్ట్ టఫ్ అంటారు. టఫ్ అన్న మాట గుర్తుంచుకోండి, ఈ రెండు రోజులూ పదేపదే ఎదురవుతుంది.

ఇంకో సంగతి. బలతోన్ వయసు కొన్ని వేల ఏళ్లే. కాబట్టి కొండ సరస్సులోకి చొచ్చుకొచ్చిందని పైన నేను రాసింది చూపుకి మాత్రమే నిజం. కొండ ముందు నుంచీ ఇక్కడే ఉంది, సరస్సే తర్వాత వచ్చి చుట్టుకుంది. 1863లో షియోఫోక్ దగ్గర తూము కట్టి నీటిమట్టాన్ని అదుపు చేయక ముందు, నీరు ఎక్కువున్న కాలాల్లో ద్వీపకల్పం మెడ దగ్గరంతా బురదనేలే. తిహాని దాదాపు దీవిలా ఉండేది.

సరస్సు గట్టున పొడవు కొమ్ముల బూడిదరంగు పశువులు మేస్తుంటాయి. హంగరీ దేశవాళీ జాతి. ఒంగోలు గిత్త పక్కన నిలబెట్టి చూడాలనిపించే పశువు. ఇవి మేస్తేనే గడ్డి పొట్టిగా ఉంటుంది. గడ్డి పొట్టిగా ఉంటేనే ఉర్గె అనే నేల ఉడత బతుకుతుంది. శత్రువు వస్తుందా అని అది వెనక కాళ్ల మీద నిలబడి చూస్తుంది కదా, ఎత్తు గడ్డిలో దానికేం కనిపిస్తుంది? మీరూ ఓ పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే బొరియలోంచి తల బయటికొస్తుంది. బిస్కెట్లు వేయకండి.

గట్టు పక్కనే జాతీయ ఉద్యానవనం వాళ్ల లావెండర్ హౌస్ ఉంది. లోపల అగ్నిపర్వతం కథని బాగా చూపిస్తారు. ఎండ ఎక్కువగా ఉంటే అరగంట అక్కడ గడపండి. బయటున్న లావెండర్ తోటల వయసు మాత్రం వందేళ్లు. 1924లో గ్యుల బిత్తెర అనే ఆయన సుగంధ తైలం కోసం ఫ్రాన్స్ నుంచి మొక్కలు తెచ్చి నాటాడు. సున్నపు నేల, ఎండ, నీరు నిలవని వాలు కుదరడంతో చక్కగా పట్టుకున్నాయి. ఇప్పుడు తిహాని అంటే అందరికీ గుర్తొచ్చేది వలస వచ్చిన ఈ పువ్వే! పూలు కోసుకోవాలనుంటే సీజన్‌లో అందుకని తెరిచి ఉంచిన చేలల్లోనే, డబ్బు కట్టి కోసుకోండి. మిగతా చేలల్లో వరుసల మధ్యకి దిగి తొక్కకండి.

రెండో అంచె: బంగారు ఇల్లు

లోపలి సరస్సు పడమటి గట్టు నుంచి కాలిబాట కొండెక్కుతుంది. ఈ దారికి లాయోష్ లోత్సి అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. బలతోన్‌ని శాస్త్రీయంగా చదివిన తొలితరం పెద్ద ఆయన. పేలుళ్లు ఆగిపోయాక కూడా లోపలి వేడి చాలాకాలం చల్లారలేదు. ఆ వేడికి ఊటలు మరిగి పైకొచ్చి, మోసుకొచ్చిన సున్నాన్నీ సిలికానీ నోటి దగ్గరే వదిలిపెట్టాయి. టీ గిన్నె అంచున గార కట్టినట్టే, కాకపోతే వేల ఏళ్లపాటు. అలా గట్టిపడిన దిబ్బలు ఈ కొండల మీద వందకి పైగా ఉండేవి. మెత్తటి నేల కొట్టుకుపోయినా ఇవి మాత్రం గట్టివి కాబట్టి నిలబడ్డాయి.

వాటిల్లో పేరున్నది ఒరన్య్‌హాజ్, అంటే బంగారు ఇల్లు. బంగారమేమీ లేదు. రాతి మీద పసుపు లైకెన్ పాకి, సాయంత్రపు ఎండకి మెరుస్తుంది. అందుకే నాలుగు దాటాక అక్కడికి చేరేలా చూసుకోండి. మధ్యాహ్నం వెళ్తే ఉత్త రాయిలా ఉంటుంది. రాతిని దగ్గరగా చూడండి. సన్నని పొరలు ఉల్లిపాయ విప్పినట్టు కనిపిస్తాయి. నీరు వచ్చిన గొట్టం లాంటి రంధ్రాలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. గోటితో గీరడం, ముక్క విరిచి జేబులో వేసుకోవడం చేయకండి. హంగరీలో ప్రకృతి దృశ్య రక్షిత ప్రాంతంగా మొట్టమొదట ప్రకటించింది తిహానినే, 1952లో. 2003లో రక్షిత ప్రాంతాలకిచ్చే యూరోపియన్ డిప్లొమా కూడా వచ్చింది.

ఓపికుంటే ఇక్కడి నుంచి చూచ్-హెజ్ శిఖరం ఎక్కండి. ద్వీపకల్పంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు అదే. కింద రెల్లుతో నిండిన రెండో గిన్నె కనిపిస్తుంది, అది క్యుల్షో-తో, వెలుపలి సరస్సు. గడ్డి కోసమని 19వ శతాబ్దం మొదట్లో దాని నీళ్లు కాలువ తవ్వి వదిలేశారు. 1970లలో మళ్లీ నీరు నిలబెట్టారు. పక్షులు తిరిగొచ్చాయి. ఎండబెట్టిన చెరువు వెనక్కి రావడం మన వైపు చాలా అరుదు కాబట్టి, నేను అక్కడ కాసేపు ఎక్కువే కూర్చున్నాను.

మూడో అంచె: చీకటి పడ్డాక

రాత్రి ఉండమన్నది ఇందుకే. బస్సులు వెళ్లిపోయాక ఊరు నిశ్శబ్దమవుతుంది. మే నుంచి జూలై మధ్య అయితే తోటల్లోంచి ఒకే స్వరం, రెండు మూడు సెకన్లకొకసారి, ఎవరో చిన్న ఈల ఊదినట్టు వినిపిస్తుంది. స్కాప్స్ గూబ. పిడికెడంత పిట్ట. చలికాలం ఆఫ్రికాలో గడిపి వేసవికి ఇక్కడికొస్తుంది. హంగరీలో అరుదు, తిహానిలోని పాత బాదం తోటలు, తొర్రలున్న ముసలి చెట్లు దానికి బాగా నచ్చాయి. అంటే మనిషి పండ్ల కోసం పెంచిన చెట్టే గూబకి ఇల్లయింది. టార్చ్ వేసి వెతకొద్దు, ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవొద్దు. వింటే చాలు.

నాలుగో అంచె: కొండని తొలిచిన సన్యాసులు

రెండో రోజు పొద్దున్నే, ఎండెక్కకముందు, చర్చి నుంచి ఉత్తరంగా ఓవార్ కొండ వైపు నడవండి. ఓవార్ అంటే పాత కోట. కంచుయుగం చివర్లో, ఇనుపయుగం మొదట్లో ఇక్కడ కోట ఉండేది. చెట్ల మధ్య ఎత్తుగా కనిపించే గట్లు ఆనాటి మట్టిగోడలే. ఆ కొండ తూర్పు వాలుకి దిగితే నిన్నటి టఫ్ మళ్లీ ఎదురవుతుంది. దాన్ని తొలిచి గదులు చేసుకున్నారు. బరాత్‌లకాషోక్ అంటారు, సన్యాసుల ఇళ్లని.

వీళ్లు ఎక్కడివాళ్లన్నది ఆసక్తికరం. 11వ శతాబ్దంలో హంగరీని ఏలిన మొదటి ఆంద్రాష్ రాజు, రాజ్యానికి రాకముందు ప్రవాసంలో కీవ్‌లో తలదాచుకుని, అక్కడి పాలకుడు యారోస్లావ్ కూతురు అనస్తాసియాని పెళ్లాడాడు. ఆమె వెంట వచ్చిన తూర్పు సంప్రదాయపు సన్యాసులు ఈ రాతిలో స్థిరపడ్డారు. దగ్గర్లో ఉన్న ఊట పేరు ఇప్పటికీ ఒరోస్‌కూత్, అంటే రష్యన్ బావి. ఉండవల్లి గుహలు చూసిన కంటికి ఈ గదులు చాలా చిన్నగా కనిపిస్తాయి, శిల్పాలూ ఉండవు. కానీ గోడని నిదానంగా చూడండి. పేలుడులో పడిన బూడిద పొరలు అడ్డంగా గీతలు గీసినట్టుంటాయి, వాటి మధ్య అప్పుడు ఎగిరిపడిన రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. వాటి మీద ఉలి దెబ్బలు. రెండు కాలాలు ఒకే గోడ మీద కనబడతాయి. మెత్తటి రాయి కాబట్టే తొలవడం తేలికైంది, మెత్తటిది కాబట్టే కొన్ని గదులు కూలిపోయాయి కూడా. కంచె దాటి వెళ్లకండి.

ఐదో అంచె: ఆశ్రమం, ఒక దారి పేరు

ఇప్పుడు చర్చికి రండి. 1055లో ఆంద్రాష్ రాజు తన వంశానికి సమాధి స్థలంగా, బెనెడిక్టైన్ శాఖ క్రైస్తవ సన్యాసుల కోసం ఈ ఆశ్రమం కట్టించాడు. 1060లో చనిపోయాక ఆయన్ని ఇక్కడే పాతిపెట్టారు. పైన కనిపించే బరోక్ చర్చి చాలా తర్వాతది, 18వ శతాబ్దంలో కట్టింది. మీరు ముందు నేలమాళిగకి దిగండి. లావుపాటి పొట్టి స్తంభాలు, తక్కువ ఎత్తు కప్పు, సాదా రాతిపలక మీద ఒక శిలువ. తొలి కట్టడంలో మిగిలింది ఇదే. తర్వాత పైకెళ్లి చెక్క బలిపీఠాలు చూడండి. శెబెస్త్యేన్ ష్టుల్‌హోఫ్ అనే వడ్రంగి వాటిని ఏళ్ల తరబడి చెక్కాడు. మేరీమాత పీఠం దగ్గర మోకరిల్లిన దేవదూత ముఖం, చనిపోయిన తన ప్రియురాలిదని జనం చెప్పుకుంటారు. గైడ్లు ఈ కథ చెప్పకుండా వదలరు.

నాకు మాత్రం ఇక్కడ అన్నిటికన్నా విలువైనది చర్చిలో లేదు. ఆశ్రమం స్థాపించినప్పుడు రాయించిన దానపత్రం అది. అసలు ప్రతి పన్నొన్‌హల్మా ఆశ్రమంలో భద్రంగా ఉంది. పత్రం లాటిన్‌లో ఉంటుంది. కానీ దానమిచ్చిన భూముల హద్దులు చెప్పేటప్పుడు, ఊళ్ల పేర్లు, గుర్తులు స్థానికులు పిలిచినట్టే రాయక తప్పలేదు. అలా నడి మధ్యలో హంగేరియన్ మాటలు పడ్డాయి. "ఫెహేర్‌వారు రెయా మెనెహ్ హోదు ఉటు రెయా". ఫెహేర్‌వార్ పట్టణానికి వెళ్లే సైనిక బాట దాకా అని అర్థం. హంగేరియన్ భాషకి రాతలో మిగిలిన తొలి జాడల్లో ఇది ముఖ్యమైనది. బడిలో పిల్లలందరికీ నేర్పుతారు. మనకి అమరావతి శాసనంలోని ‘నాగబు’ ఎలాగో వాళ్లకి ఇది అలాగ. రాజభాషలో రాస్తున్నవాడి కలంలోంచి జనం మాట జారిపడటం. అన్నట్టు ఈ పత్రం రాసిన రోజుల్లోనే రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ ఉన్నాడు.

ఆ "రెయా" ని ఒకసారి చూడండి. అప్పట్లో నామవాచకం తర్వాత విడిగా నిలబడ్డ మాట. తర్వాత్తర్వాత అరిగి, "ర" అనే ప్రత్యయంగా పదానికే అతుక్కుపోయింది. విభక్తులతో పెరిగిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లిష్ గైడ్‌కి వివరించడం కష్టం.

మిగతా చరిత్ర తొందరగా చెప్పేస్తాను. తుర్కులతో యుద్ధాల కాలంలో ఆశ్రమం సరిహద్దు కోటగా మారింది. 1921లో సింహాసనం కోసం తిరిగొచ్చి ఓడిపోయిన నాలుగో కారోయ్ రాజునీ, రాణినీ దేశం దాటించే ముందు కొన్ని రోజులు ఇక్కడే ఉంచారు. కమ్యూనిస్టుల కాలంలో సన్యాసులని పంపించేశారు, 1990లో తిరిగొచ్చారు. ఇప్పుడూ ప్రార్థనలు జరిగే చోటే, కాబట్టి ఆదివారం పొద్దున్న చూడ్డానికని వెళ్లకండి.

బయటికొచ్చి దగ్గర్లోని ప్రతిధ్వని దిబ్బ ఎక్కండి. ఒకప్పుడు ఇక్కడ నిలబడి అరిస్తే చర్చి ఉత్తరపు గోడ నుంచి పదిహేను అక్షరాల దాకా తిరిగొచ్చేవట, ఆటవెలది పాదం ఒకటి పట్టేంత. మధ్యలో ఇళ్లూ చెట్లూ వచ్చాక బాగా తగ్గిపోయింది. మీ పేరు అరిచి చూడండి. నాకు చివరి అక్షరమే వచ్చింది.

ఆరో అంచె: జాలర్ల ఇళ్లు

దిబ్బ దగ్గర్నుంచి ఊళ్లోకి వస్తే రెల్లు కప్పులు, వసారా స్తంభాలు ఉన్న ముదురు బూడిదరంగు ఇళ్లు. గోడలు టఫ్‌వి, కప్పు సరస్సు ఒడ్డు రెల్లుది. కొనుక్కొచ్చింది చాలా తక్కువ. కొన్నింటిని మ్యూజియంగా ఉంచారు, వాటిలో జాలర్ల సంఘం ఇల్లు తప్పక చూడాలి.

ఇక్కడి వేట పద్ధతి మన మత్స్యకారులకి చెప్తే సంతోషిస్తారు. శరదృతువులో గార్ద అనే వెండిరంగు చేపలు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వచ్చేవి. ఒక మనిషి కొండ మీద నిలబడి చూసేవాడు. పైనుంచి చూస్తే గుంపు కదిలే చోట నీటి రంగు, మెరుపు మారతాయి. అతను చేతులు ఊపి సైగలు చేస్తే, కింద పడవల్లో ఉన్నవాళ్లు వల ఎటు తిప్పాలో తెలుసుకునేవాళ్లు. ఒకే మాను తొలిచిన దోనెలు కూడా 20వ శతాబ్దం మొదటి దాకా వాడారు. కొండ లేకపోతే ఈ వేటే లేదు. 2013 డిసెంబరుతో బలతోన్‌లో వలవేట వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది, ఇప్పుడు గాలం వేసేవాళ్లే మిగిలారు. ఒడ్డున దుకాణాల్లో అందరూ ఎగబడి తినే వేయించిన హెక్ చేప ఈ సరస్సుది కాదు, సముద్రం నుంచి వచ్చేది. శాకాహారులైతే లాంగోష్ తినండి. మన పూరీకి దూరపు చుట్టం, మందంగా ఉంటుంది, పైన వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్. ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

ఏడో అంచె: ఒడ్డు

చివరికి నీళ్ల దగ్గరికి దిగండి. ఒడ్డున, దుకాణాల్లో మేక గిట్టల్లా ఉండే తెల్లటి ముక్కలు చూపిస్తారు. పొగరుబోతు రాకుమారి కాసిన బంగారు మేకలు సరస్సు రాజు కోపానికి మునిగిపోయాయని, వాటి గిట్టలే ఇవని, పిలిచిన ప్రతివాడికీ బదులు పలకమని రాకుమారికి శాపమని కథ. ప్రతిధ్వని ఆమెదేనట. నిజానికివి బలతోన్ కన్నా ఎంతో ముందు ఇక్కడున్న పన్నోనియన్ సరస్సులో బతికిన ఆల్చిప్పలు. పెంకులో మందమైన భాగం మాత్రమే మిగిలి, అలలకి అరిగి గిట్ట ఆకారం వచ్చింది. చూసి ఒడ్డునే వదిలేయండి.

ఈదాలనుంటే ముందు ఒడ్డున వెలిగే తుఫాను దీపాలు చూడండి. నిమిషానికి 45 సార్లు వెలిగితే మొదటి హెచ్చరిక, ఒడ్డుకి దగ్గర్లోనే ఉండాలి. 90 సార్లు వెలిగితే నీళ్లలోకి దిగడం నిషేధం. లోతు లేని సరస్సు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. లోతు తక్కువ కాబట్టే గాలికి అలలు నిమిషాల్లో లేస్తాయి.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన వద్దు. ద్వీపకల్పం కొనకి వెళ్లి, కార్లూ మనుషులూ ఎక్కే బల్లకట్టు లాంటి ఫెర్రీ మీద అవతలి సాంతోద్ రేవుకి దాటండి. నడిచి వచ్చేవాళ్లనీ ఎక్కించుకుంటారు. టికెట్ ఎక్కేముందే తీసుకోవాలి. పది నిమిషాల ప్రయాణం. సరస్సు ఇక్కడ కిలోమీటరున్నర వెడల్పు గొంతులా సన్నబడుతుంది. అటూ ఇటూ ఊగే నీరంతా ఈ గొంతులోంచే పరుగెత్తి అడుగుని కోసేస్తుంది. అందుకే సగటున ఇద్దరు మనుషుల లోతైనా లేని బలతోన్, ఇక్కడ మాత్రం పన్నెండు మీటర్లు దాటుతుంది. రెయిలింగ్ పట్టుకుని వెనక్కి చూడండి. అవతల రేవు నుంచి కాస్త నడిస్తే దక్షిణపు ఒడ్డు రైలు దొరుకుతుంది. నేను దాటినప్పుడు సాయంత్రమైంది, గోపురాల కింద టఫ్ కొండ ముందుగా నల్లబడింది, చర్చి ఇంకాసేపు పసుపుగానే ఉంది.